పెరటిలో పొట్టి బఠాణీ

శీతకాలము వచ్చుసరికి తెలుగునాట కూరగాయల అంగళ్లలో పచ్చి బఠాణీ కాయలు కుప్పలుగా కనిపించును. వానిలో పెద్ద భాగము ఉత్తరాది రాష్ట్రములనుండి లారీలలో వచ్చినదే. కాయ పచ్చగానే ఉండును, గింజ నిండుగానే ఉండును. నోట వేసికొన్నచో మాత్రము తీపి తక్కువ, పిండి ఎక్కువ. అదే రకపు బఠాణీని పెరటి మడిలో పెంచి, ఉదయముననే కోసి, ఒలిచి, వెంటనే తిన్నవారికి అది వేరొక కాయయేమో అని తోచును. ఈ భేదము భ్రాంతి కాదు. గింజలో గంటగంటకును జరుగు ఒక రసాయనిక మార్పు దీనికి కారణము. ఆ మార్పును తెలిసికొన్నచో ఏ రకమును విత్తవలెనో, ఏ మాసమున విత్తవలెనో, ఏ దినమున కోయవలెనో తేటపడును. తెలియనిచో రెండు మాసముల శ్రమ రెండుమూడు దినముల ఏమరపాటుతో వృథా కావచ్చును.

గింజలో జరుగు మార్పు

బఠాణీ మొక్క ఆకులు సూర్యరశ్మిలో చక్కెరను తయారుచేయును. ఆ చక్కెర నీటిలో కరగి, కాండముద్వారా కాయలోని గింజలకు చేరును. లేత గింజ తీయగా ఉండుటకు కారణమిదే. కాని మొక్క ఆ గింజను సిద్ధము చేయునది మనుష్యుని భోజనమునకు కాదు. మరుసటి తరపు మొలక కొరకు. మొలకకు ఆకులు విచ్చుకొనువరకు ఆహారము నిలువ ఉండవలెను. నిలువ చేయుటకు చక్కెర అనుకూలమైనది కాదు. అది నీటిలో కరగును; కణములలోనికి మరింత నీటిని లాగును. పిండిపదార్థము అట్లు కాదు. కరగక, రేణువులుగా గింజలో సర్దుకొని ఉండును. అందుచేత గింజ ముదురుకొలది అందలి ఎంజైములు చక్కెర అణువులను గొలుసులుగా కూర్చి పిండిపదార్థముగా మార్చుచుండును. తీపి తగ్గును, గింజ గట్టిపడును, తొక్క మందమగును.

మొక్కనుండి కోసినంత మాత్రమున ఈ పని ఆగిపోదు. కోసిన కాయ కొంతకాలము బ్రతికియే ఉండును. ఆకులనుండి వచ్చు చక్కెర మాత్రము తెగిపోవును. లోపల మిగిలిన చక్కెరలో కొంత పిండిపదార్థముగా మారును. కొంత శ్వాసక్రియలో ఖర్చగును. రాబడి నిలిచి వ్యయము మాత్రము సాగుచున్న సంసారము వంటిదే ఈ స్థితి. వేడి హెచ్చినకొలది ఈ రెండు పనులును వేగముగా జరుగును. గోనెసంచిలో క్రుక్కిన పచ్చి బఠాణీ కాయల నడుమ చేయి ఉంచినచో వెచ్చగా తగులును. ఆ వెచ్చదనము కాయల శ్వాసక్రియవలన పుట్టినదే. కాయలను సున్న డిగ్రీల దరిదాపులకు చల్లార్చినచో ఈ మార్పు చాలవరకు మందగించును. బఠాణీని డబ్బాలలో నింపు కర్మాగారములు, గడ్డకట్టించి అమ్ము కర్మాగారములు కోతకును తయారీకిని నడుమ కొన్ని గంటలకు మించి కాలము పోనీయకుండుటకు ప్రయత్నించుట ఇందుకొరకే. పెరటి తోట గలవారికి కర్మాగారముతో పనిలేదు. మడికిని వంటయింటికిని నడుమ దూరము నాలుగు అడుగులే.

మెండెల్ తోటలోని రెండు లక్షణములు

పెరటికి తగిన బఠాణీకి రెండు లక్షణములు ఉండుట మేలు. ఒకటి, మొక్క పొట్టిగా గుబురుగా పెరుగుట. రెండవది, ఎండిన గింజ ముడుతలు పడుట. ఈ రెంటిని ఉన్నత పాఠశాల విద్యార్థులు వంశపారంపర్య పాఠములో చూచియే ఉందురు. నేటి చెక్ దేశములోని బ్రనో నగరమున, మఠవాసియైన గ్రెగర్ మెండెల్ 1856 మొదలు 1863 వరకు మఠపు తోటలో బఠాణీలపై ప్రయోగములు చేసి, ఫలితములను 1865లో ఒక శాస్త్రసంఘము ఎదుట చదివి, 1866లో ప్రకటించెను. ఆయన ఎన్నుకొన్న ఏడు లక్షణములలో ఈ రెండును కలవు. గుండ్రని గింజల జాతిని, ముడుతల గింజల జాతిని సంకరము చేయగా మొదటి తరమున గింజలన్నియు గుండ్రముగానే వచ్చినవి. రెండవ తరమున వచ్చిన 7,324 గింజలలో 5,474 గుండ్రనివి, 1,850 ముడుతలు పడినవి. పొడుగు, పొట్టి మొక్కల ప్రయోగములో రెండవ తరపు 1,064 మొక్కలలో 787 పొడుగువి, 277 పొట్టివి. రెండు పట్టికలలోను నిష్పత్తి ఇంచుమించు మూడింటికి ఒకటి.

ముడుతలు ఎందుకు పడుచున్నవో మెండెల్‌నకు తెలియదు. ఆ రహస్యము 1990లో బయటపడినది. ఇంగ్లాండులోని నారిచ్ నగరమున జాన్ ఇన్నెస్ సంస్థ పరిశోధకులు దాని కారణమును జన్యువులో చూపిరి. పిండిపదార్థపు గొలుసులకు కొమ్మలు అతుకు ఎంజైము ఒకటి కలదు. ముడుత గింజలలో ఆ ఎంజైమును నిర్దేశించు జన్యువు నడుమ సుమారు 800 అక్షరముల పొడవుగల పరాయి తునక చొరబడి, దానిని పనికిరాకుండ చేసినది. ఎంజైము లేనందున పిండిపదార్థము తక్కువగా తయారగును. చక్కెర ఎక్కువగా మిగిలిపోవును. చక్కెర అధికమైన గింజ నీటిని ఎక్కువగా పీల్చుకొని ఉబ్బును. ఎండునప్పుడు ఆ నీరంతయు పోవును; లోపల నింపుటకు చాలినంత పిండి లేనందున తొక్క వదులై ముడుతలు పడును. కనుక విత్తనముపై ముడుత లోపము కాదు. పచ్చి గింజలో తీపికి అది గుర్తు.

పొట్టితనపు కారణము 1997లో తెలిసినది. కాండమును సాగదీయు జిబ్బరెల్లిన్ అను హార్మోనును క్రియాశీలముగా మార్చు ఎంజైములో ఒక చిన్న మార్పు వచ్చినందున పొట్టి మొక్కలలో ఆ హార్మోను తక్కువగా ఉండును. కణుపుల సంఖ్య తగ్గదు; కణుపుల నడుమ దూరము మాత్రము తగ్గును. అందుచేత పొడుగు రకములకు ఆరేడు అడుగుల పందిరి కావలసిన చోట, పొట్టి రకములకు మోకాలెత్తు చాలును.

ఈ రెండు లక్షణములును కలిసిన రకములలో అర్కెల్ భారతదేశమున మిక్కిలి వ్యాప్తిలో ఉన్నది. మొక్క ఇంచుమించు 45 సెంటీమీటర్ల ఎత్తు పెరుగును. విత్తిన 55 నుండి 60 దినములకు మొదటి కోత వచ్చును. కాయకు ఏడెనిమిది గింజలుండును. లిటిల్ మార్వెల్ అనునది కూడ ఇట్టి పొట్టి, ముడుత గింజల రకమే. బోనవిల్ మరికొంత ఎత్తుగా పెరిగి ఆలస్యముగా కాచును. శీతకాలము పొట్టిగానున్న చోట్ల తొందరగా కాచు అర్కెలే క్షేమము.

విత్తవలసిన కాలము

బఠాణీ చలి ప్రదేశపు పైరు. పగలు 20 డిగ్రీల దరిదాపున, రాత్రి అంతకు తక్కువగా ఉన్నప్పుడు ఇది చక్కగా పెరుగును. 30 డిగ్రీలు మించిన దినములు వరుసగా వచ్చినచో పూవులు రాలును. నిలిచిన కాయలలో గింజలు త్వరగా ముదిరి పిండిపడును. ఇంగ్లాండు వంటి దేశములలో దీనిని వసంతమున విత్తుదురు. తెలుగునాట ఆ తీరు పనికిరాదు; ఇచ్చట బఠాణీకి దొరకునది శీతకాలమొక్కటే.

హైదరాబాదులో డిసెంబరు, జనవరి నెలలలో రాత్రి ఉష్ణోగ్రత సగటున 15 డిగ్రీల దరిదాపున, పగలు 28, 29 డిగ్రీలుగా ఉండును. ఫిబ్రవరిలో పగటి వేడి 32 డిగ్రీలకు, మార్చిలో 35 డిగ్రీలకు పైగా ఎక్కును. ఈ లెక్క చూచి వెనుకకు నడచినచో విత్తు దినము తెలియును. నవంబరు మొదటివారమున విత్తిన అర్కెల్ డిసెంబరు నడుమ పూతకు వచ్చి, జనవరి మొదట కాయలనిచ్చును. పూత, గింజ నిండుట రెండును సంవత్సరములోని అతి చల్లని దినములలో జరుగును. అదే విత్తనమును డిసెంబరు చివర విత్తినచో ఫిబ్రవరిలో పూచి, వేడి ముదురుచున్నప్పుడు కాయపట్టును. విత్తనమొకటే, నేలయొకటే, ఎరువొకటే. ఐనను దిగుబడి తగ్గును, తీపి తగ్గును.

మరీ ముందుగా విత్తుటయు మంచిది కాదు. సెప్టెంబరులో నేల వెచ్చగా, వానలతో తడిగా ఉండును. అట్టి నేలలో విత్తనములు కుళ్లును. మొలచిన మొక్కలకు వడలు తెగులు సోకును. కావున తెలంగాణ పీఠభూమియందును, రాయలసీమలోని మెట్ట ప్రాంతములందును అక్టోబరు చివరినుండి నవంబరు నడుమవరకు తగిన అదను. సముద్రమట్టమునకు సుమారు 700 మీటర్ల ఎత్తుననున్న మదనపల్లె, 900 మీటర్ల ఎత్తుననున్న అరకులోయ వంటి చోట్ల చలి మరింత కాలము నిలుచును గనుక అదను కూడ విస్తరించును. కోస్తా పట్టణములలో రాత్రులు వెచ్చన. అచ్చట నవంబరు నడుమ ఒక్క విడత విత్తుకొని కొద్దిపాటి పంటతో తృప్తిపడవలెను.

మడి, విత్తుట

రోజుకు ఆరు గంటలైనను ఎండ తగులు చోటును ఎన్నుకొనవలెను. నీరు నిలువని నేల ముఖ్యము. బఠాణీ వేరు తడికన్న ఊపిరాడకపోవుటకు ఎక్కువ భయపడును. నల్లరేగడి నేలయైనచో మడిని జానెడు ఎత్తుగా చేసికొనవలెను. ఒక పార లోతున త్రవ్వి, బాగుగా చివికిన పశువుల ఎరువును చదరపు మీటరుకు రెండు కిలోల చొప్పున కలిపినచో చాలును. పచ్చి పెంట వేయరాదు. గత సంవత్సరము బఠాణీ గాని, చిక్కుడు గాని పెరిగిన మడిలో మరల వేయకుండుట తెగుళ్లనుండి రక్షణ.

విత్తుటకు ముందు దినము మడిని తడిపి, నేల పదునుగా ఉన్నప్పుడు గింజలను మూడు నాలుగు సెంటీమీటర్ల లోతున, ఏడు సెంటీమీటర్లకు ఒకటి చొప్పున వరుసలలో పెట్టవలెను. వరుసకును వరుసకును నడుమ 30 సెంటీమీటర్లు ఉండవలెను. విత్తిన వెంటనే నీరు పారించరాదు. ముడుత గింజలో చక్కెర ఎక్కువ గనుక తడి అధికమైనచో శిలీంధ్రములు త్వరగా పట్టును. వారము, పది దినములలో మొలకలు పైకి వచ్చును. చిక్కుడు మొలకవలె బఠాణీ మొలక బీజదళములను నేలపైకి తీసికొని రాదు; అవి మట్టిలోనే ఉండిపోవును. ఈ భేదమును రెండు విత్తనములను ప్రక్కప్రక్కన నాటి విద్యార్థులకు చూపవచ్చును. విత్తనపు దుకాణములో కొన్న గింజలకు రంగు పూసియున్నచో అది మందుగా గ్రహించి, వానిని తినకుండ, కోళ్లకు వేయకుండ జాగ్రత్తపడవలెను.

పొట్టి రకమైనను దీనికి నులితీగెలుండును. అవి మొక్కకు మొక్కను పెనవేసి నిలుపును. వరుస ప్రక్కన రెండడుగుల ఎండుకొమ్మలు గ్రుచ్చినచో కాయల బరువునకు మొక్కలు నేలకు ఒరగవు. కాయలు మట్టి తగిలి చెడవు. మిద్దెపై పెంచువారు అడుగు లోతుగల తొట్టెలలో ఇదే ఎడముతో విత్తుకొనవచ్చును.

వేరుబుడిపెలు

మొలచిన మూడు నాలుగు వారములకు ఒక మొక్కను మట్టిగడ్డతో పెల్లగించి, నీటిలో మెల్లగా కడిగిచూచినచో వేళ్లపై ఆవగింజలంత బుడిపెలు కనిపించును. వీనిలో రైజోబియం అను బాక్టీరియాలు నివసించి, గాలిలోని నత్రజనిని మొక్క వాడుకొనగల రూపమునకు మార్చును; బదులుగా మొక్కనుండి చక్కెరను గ్రహించును. పప్పుజాతి మొక్కలకు గల ఈ శక్తి బుడిపెలలోని సూక్ష్మజీవులదని 1880 తరువాతి దశకమున జర్మనీలో హెల్‌రీగెల్, విల్ఫార్త్ అను శాస్త్రజ్ఞులు నిరూపించిరి. 1888లో హాలండు దేశీయుడైన బైజరింక్ ఆ బాక్టీరియాలను వేరుచేసి పెంచెను.

బుడిపెను గోటితో చీల్చినచో లోపల లేత ఎరుపు రంగు కనిపించవలెను. అది రక్తములోని హీమోగ్లోబినును పోలిన పదార్థము. ప్రాణవాయువు బాక్టీరియాల పనిని చెరపకుండ అదుపులో ఉంచును. ఎరుపు కనిపించిన బుడిపె పనిచేయుచున్నదని అర్థము. తెల్లగా ఉన్నచో పని ఇంకను మొదలుకాలేదు. ఆకుపచ్చగా ఉన్నచో పని ముగిసినది. ఎన్నడును బఠాణీ వేయని నేలలో తగిన బాక్టీరియాలు తక్కువగా ఉండవచ్చును. అట్టిచోట బఠాణీకి సంబంధించిన రైజోబియం పొడిని చల్లార్చిన బెల్లపు నీటిలో కలిపి, మందు పూయని విత్తనములకు పట్టించి, నీడన ఆరబెట్టి విత్తవలెను. యూరియా ఎక్కువగా వేసినచో మొక్క బుడిపెలను పెంచుట మానును. ఆకు ఏపుగా పెరిగి కాయ తగ్గును.

పూత, నీరు, తెగులు

బఠాణీ పూవులో పైనుండునది ధ్వజము, ఇరువైపుల ఉండునవి బాహువులు, అడుగున దొన్నెవలె మూసికొని ఉండునవి ద్రోణులు. ఈ దొన్నెలోనే కేసరములు, కీలాగ్రము దాగియుండును. పూవు విచ్చుకొనకముందే పుప్పొడి కీలాగ్రముపై రాలును. అందుచేత తేనెటీగలు రాకపోయినను కాయపట్టును. రెండు రకములు ప్రక్కప్రక్కన ఉన్నను సాధారణముగా కలిసిపోవు. మెండెల్ ఈ మొక్కను ఎన్నుకొనుటకు ఇదియొక కారణము. పెరటి తోటవారు తమ విత్తనమును తామే దాచుకొనగలుగుటకును ఇదియే కారణము.

పూత మొదలైనప్పుడును, గింజ నిండునప్పుడును నేల ఎండరాదు. వాతావరణమును బట్టి నాలుగైదు దినములకొకసారి ఉదయమున మొదళ్లకు నీరు పోయవలెను. పొడి పగళ్లు, చల్లని రాత్రులు ఉన్న జనవరి చివరలో ఆకులపై విభూతి చల్లినట్లు తెల్లని పొడి కనిపించుట కలదు. ఇది బూడిద తెగులు. ఆలస్యముగా విత్తిన పైరునకే ఇది ఎక్కువగా నష్టము చేయును. కావున అదనున విత్తుటయే మొదటి మందు. తొలిదశలోనే నీటిలో కరగు గంధకపు పొడిని లీటరుకు మూడు గ్రాముల చొప్పున కలిపి చల్లినచో అదుపులోనికి వచ్చును. గంధకమును ఎండ హెచ్చిన వేళ చల్లరాదు. చల్లిన కాయలను కొన్ని దినములు ఆగి, బాగుగా కడిగి వాడవలెను. చిలుకలనుండి, పిచ్చుకలనుండి మొలకలకును కాయలకును పాత వల ఒకటి రక్షణ.

కోత

పూవు విడిచిన సుమారు మూడు వారములకు కాయ కోతకు వచ్చును. మొదట కాయ చదునుగా పొడవు సాగును. తరువాత గింజలు లోపల ఉబ్బును. కాయ నిండి గుండ్రనై, పైన నిగనిగలాడు ఆకుపచ్చ ఇంకను పోకముందే కోయవలెను. నిగనిగ తగ్గి పాలిపోయినచో, కాయపై వలవంటి గీతలు తేలినచో గడువు దాటినట్లే. అనుమానమున్నచో కాయ నొకదానిని ఒలిచి నోట వేసికొనుటకన్న మంచి పరీక్ష లేదు. కర్మాగారములలో గింజ నలుగుటకు కావలసిన బలమును టెండరోమీటరు అను యంత్రముతో కొలుతురు. ఇంటివద్ద పన్నే ఆ యంత్రము.

కాయలు క్రిందినుండి పైకి వరుసగా సిద్ధమగును. రెండు దినములకొకసారి మడిని చూడవలెను. ఒక చేత కాండమును పట్టుకొని, మరియొక చేత కాయను త్రుంచవలెను; ఒంటిచేత లాగినచో లోతులేని వేళ్లతో మొక్కయే ఊడివచ్చును. సిద్ధమైన కాయలను వదలిపెట్టినచో నష్టము ఆ కాయలతో ఆగదు. గింజలు ముదిరినచో తన పని నెరవేరినట్లుగా మొక్క కొత్త పూత మానును. అనగా సకాలపు కోత ఈనాటి తీపినే గాక రేపటి కాయలను కూడ నిలుపును.

ఎండ ఎక్కకముందు కోసి, వండబోవునప్పుడే ఒలుచుట మేలు. వెంటనే వాడుటకు వీలుకానిచో కాయలను ఒలువకయే చల్లని పెట్టెలో ఉంచవలెను. కొన్ని వారములు దాచవలెనన్నచో గింజలను మరుగు నీటిలో ఒకటి రెండు నిమిషములుంచి, చన్నీట చల్లార్చి, ఆరబెట్టి గడ్డకట్టించవలెను. మరుగు నీరు ఎంజైములను నశింపజేయును. గడ్డకట్టించుట ఒక్కటే వానిని పూర్తిగా ఆపజాలదు. ఐదు చదరపు మీటర్ల మడి బాగుగా కాచినచో నాలుగు కిలోల కాయలను ఆశించవచ్చును. కిలో కాయలను ఒలిచిన సుమారు 400 గ్రాముల గింజలు వచ్చును.

తరగతి గదిలో మూడు పరీక్షలు

మొదటిది: ఒకే మొక్కనుండి లేత కాయను, ముదురు కాయను కోసి, గింజలను వేరువేరుగా నలిపి, ఒక్కొక్క బొట్టు పలుచని అయొడిన్ ద్రావణము వేయవలెను. ముదురు గింజ ముద్ద నల్లని నీలముగా మారును. లేతదానిలో రంగు తక్కువ. చక్కెర పిండిగా మారిన తీరు కంటికి కనబడును. ఈ గింజలను పారవేయవలెను.

రెండవది: లేత, ముదురు గింజలను ఒక నిమిషము మరుగు నీటిలో ఉంచి చల్లార్చి, గాజుపాత్రలోని నీటిలో వేయవలెను. చెంచా చెంచాగా ఉప్పు కరగించుచు పోయినచో సాంద్రత తక్కువైన లేత గింజలు ముందు తేలును. పిండితో బరువెక్కినవి అడుగుననే ఉండును. డబ్బా బఠాణీల కర్మాగారములలో గింజలను వేరుచేయు పద్ధతులలో ఇదియొకటి.

మూడవది: అంగడిలోని గుండ్రని ఎండు బఠాణీలను, మందు పూయని అర్కెల్ విత్తనములను సమానమైన బరువున తూచి, ఒక రాత్రి నానబెట్టి, తుడిచి మరల తూచవలెను. ముడుత గింజలు ఎక్కువ నీటిని పీల్చుకొని ఉండును. మెండెల్ కంటితో ఎంచిన భేదము తక్కెడలో తేలును.

పైరు ముగిసిన తరువాత

బలమైన, తెగులులేని మొక్కలు పదింటిని ఎంచి, వాని కాయలను కోయక ఎండనీయవలెను. గలగల శబ్దము వచ్చునప్పుడు ఒలిచి, బాగుగా ఎండబెట్టి, గాలి చొరని డబ్బాలో వేపాకుతో దాచినచో మరుసటి నవంబరునకు విత్తనము సిద్ధము. తక్కిన మొక్కలను పెరుకక, నేలమట్టమున కోసివేయవలెను. వేళ్లు, బుడిపెలు మట్టిలో చివికి, వెనుక వచ్చు వంగకో తోటకూరకో కొంత నత్రజనిని విడిచిపోవును. తెల్లని పొడి పట్టిన ఆకులను మాత్రము ఎరువు గుంటలో వేయరాదు.

ఆవరణలో నాలుగు గజముల చోటున్న పాఠశాల ఏదైనను నవంబరులో ఈ మడిని వేసి, సంక్రాంతి సెలవుల దరిదాపున కోయగలదు. వంశపారంపర్యము, నత్రజని చక్రము, శ్వాసక్రియ, పిండిపదార్థము అను నాలుగు పాఠములు ఆ మడిలో కలవు. ఐదవ పాఠము నాలుకపై తెలియును. అది మడి ప్రక్కన నిలిచి, అప్పుడే ఒలిచిన వారికే దక్కును.